మెస్ హాల్లో సంతకాలు

అలాగ గోడవైపు తిరిగి పడుకుంటే ఎలా బావా? డ్యూటీ మానుకుని, ముసఫ్ఫాలో మన కేంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాను. ఆ ఆక్సిజన్ గొట్టం తియ్యకు. నువ్వు మాట్లాడక్కర్లేదు, విను చాలు.

మధ్యాహ్నం జగన్మోహనరావుగారు వస్తారంట గదా, మన కేంపుకి అవతల ఆ ఫ్లాట్లలో ఉండే ఇంజనీరుగారు. రానీ. ఆయనది మాత్రం తక్కువ తప్పా? పాత బ్యాటరీలు కరిగించే ప్లాంటు మొదట వాళ్ల ఫ్లాట్ల ఎదురుగానే కడతామన్నారు. వాళ్లు మీటింగుల మీద మీటింగులు పెట్టి, మా పిల్లలకి దగ్గొస్తుందని అర్జీలు రాసి తోలేశారు. తోలేస్తే ఎక్కడికి పోతుంది? మన కేంపు వెనక్కే వచ్చింది. మనకి ఊపిరితిత్తులు లేవనుకున్నారు కాబోలు.

ఇప్పుడు రెండో కొలిమి కూడా కడతారంట. గాలి మళ్లితే ఆ పొగ వాళ్ల బాల్కనీల్లోకీ పోద్ది. అందుకే ఆ పొగకి జబ్బుపడ్డ నువ్వు ఆయనకి సాక్షిగా గుర్తొచ్చావు. కాదంటావా? సరేలే, దగ్గొస్తుంది, తల ఊపకు. మంచాయనే, ఒప్పుకుంటాను.

ఆ ఆదివారం జ్ఞాపకముందా? మన ముదీర్ మేనేజరు హోదాలో అందర్నీ మెస్ హాల్లో కూచోబెట్టి, బిర్యానీ పొట్లాలు పంచి, ఓ కాగితం తిప్పించాడు. రోజూ పని మొదలెట్టేముందు సైటులో పెట్టే హాజరు సంతకమే అనుకున్నారు మనోళ్లు. చదివినోడెవడు? నువ్వొక్కడివే లేచి, ఇక్కడ పడుకునేది మేము, ఈ ప్లాంటు మాకొద్దని హిందీలో చెప్పి, పొట్లం కూడా ముట్టకుండా వెళ్లిపోయావు. నాకు భయమేసింది బావా. గర్వంగానూ ఉంది.

జగన్మోహనరావుగారు ఆ కాగితం నకలు సంపాదించారు. ప్లాంటుకి మాకు అభ్యంతరం లేదని ఉంది పైన. కింద నీ పేరుంది, ఎదురుగా సంతకముంది. అలా చూడకు. ఒప్పుకున్నోడికి వైద్యమెందుకు, ఊరికి పంపేస్తే ఖలాస్ అంటున్నారు కంపెనీవాళ్లు. మీ చెల్లి వీరమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు, మా అన్నయ్యని నువ్వే గదా గల్ఫ్‌కి తీసుకెళ్లావని. వీరమ్మకి ఏం చెప్పను?

నువ్వు ఆలస్యంగా లేచిన రోజుల్లో సైటులో నీ సంతకం ఎన్నిసార్లు నేను పెట్టలేదు? జగన్మోహనరావుగారు అడిగితే అదే చెబుదామనుకున్నాను, అలవాటులో చెయ్యి పోయిందని. బస్సులో దారంతా అదే వల్లించుకుంటూ వచ్చాను.

కానీ పైనేం రాసుందో నేను చదివాను బావా. ఫోర్‌మన్ని నేనే, మిగతావాళ్లకి చదివి చెప్పాల్సినోణ్ణి. నీ సంతకం లేకపోతే ఇద్దర్నీ ఇంటికి పంపేస్తానని ముదీర్ బెదిరించాడు, అందుకే...

లేదు. అదీ అబద్ధమే. ముదీర్ ఏమీ అనలేదు. ఖాళీగా ఉన్న నీ వరస మీద వేలు పెట్టి ఊరుకున్నాడు. పెన్ను నేనే తీశాను.