బావ ప్రెస్సులో రెండు మెయిళ్ళు

ఏంటమ్మాయ్, కొత్తదేదో ఎక్కిస్తే పాత మెయిలు తెరుచుకోవట్లేదా? దానికి తమ్ముడి మీద అరుస్తావెందుకు? వాణ్నేమీ అనకు, ఇలా వచ్చి కూర్చో. మా బావ ఇలాగే అరిచాడు. అదేనే, మా అక్క మొగుడు, నువ్వు పుట్టకముందే పోయాడులే. ప్రింటింగ్ ప్రెస్సుండేది. అమ్మా నాన్నా పోతే తన తమ్ముణ్ని చంకనేసుకుని పెంచాడు, పెళ్ళి చేశాడు, ప్రెస్సులో సగం వాటా ఇచ్చాడు. అంతవరకూ దేవుడే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు చూడు, ఆ నోరొక్కటే ఆయనకి లేదు.

ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరు. ఆర్డర్లన్నీ మెయిల్లోనే. మెయిలు చూడ్డానికి బావదొక ప్రోగ్రాం, తమ్ముడిది ఇంకోటి. ఎందుకంటే ఏం చెప్పను, ఒకరిది ఒకరికి నచ్చదు. తమ్ముడు తనది ఎక్కిస్తే బావది చచ్చేది. బావ తనది మళ్ళీ ఎక్కిస్తే తమ్ముడిది చచ్చేది. ఇదే తంతు. ఈలోగా బడి పుస్తకాల ఆర్డరొస్తే బావ చూసుకోలేకపోయాడు, పక్క ప్రెస్సువాడు తన్నుకుపోయాడు. ఇహ చూడు, పనివాళ్ళందరి ముందూ, "కావాలనే చేశావురా. పాలు పోసి పెంచిన పామువి. ఆ రోజే నిన్ను అనాథాశ్రమంలో పడేసుంటే పీడ పోయేది" అన్నాడు. అనొచ్చా ఆ మాట? తమ్ముడు చేతులకంటిన సిరా తుడుచుకుని, చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాత రిపేరతన్ని నేనే పిలుచుకొచ్చా. అతగాడు చూసి నవ్వాడు. "రెండిటికీ అడుగున ఒకటే సిస్టం ఫైలండీ. తర్వాత ఎక్కించినవాళ్ళది ముందున్నదాన్ని చెరిపేస్తుంది. ఎవరి తప్పూ లేదు" అని, దేని ఫైలు దాని ఫోల్డర్లో విడిగా పెట్టాడు. ఇచ్చిన టీ చల్లారేలోపే రెండూ తెరుచుకున్నాయి. ఇంతదానికా అని నాకు ఒళ్ళు మండిపోయింది. "విన్నావుగా బావా, వెళ్ళి తమ్ముణ్ని తీసుకురా" అన్నాను. కుర్చీలోంచి కదల్లేదు. "ఏమని పిలవనురా? తప్పు కంప్యూటరుదేనని చెప్తే, మరి ఆ మాట కూడా కంప్యూటరే అందా అన్నయ్యా అని అడుగుతాడుగా" అన్నాడు. వెళ్ళలేదు. చచ్చేదాకా వెళ్ళలేదు మహానుభావుడు. ఆయన పోయిన రోజు తమ్ముడొచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రా అంటే, "పిలవాల్సినవాడు పిలవలేదుగా" అన్నాడు.

ఊఁ. ఆ కిటికీ వేసెయ్, చలేస్తోంది.