కోటప్ప అత్త

పెనుకొండ రైల్వే గేటు పక్క వీధి. రెండువేల ఒకటి, సెప్టెంబరు, ఆదివారం పొద్దున. అరుగు మీద ఇద్దరు: ధర్మవరం చీరల వ్యాపారం చేస్తూ పెనుకొండలో రేకుల షెడ్డు టాకీసు కూడా నడిపే ఆదెప్ప; ఆ టాకీసు గేటు కాడ టిక్కెట్లు చింపే పౌలు. లోపల పౌలు భార్య గ్రేస్.

"మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఏముండింది పౌలూ? ఇరవైనాలుగు రేకులు, పాత మిషను ఒకటి, నాలుగు వందల మందికి సరిపోయే బెంచీలు. కూర్చునేదానికి మనుషులు లేరు. అంతే."

"తెలుసు సావుకారీ."

"తెలిసిందే చెప్తాండా. తెలిసిందాన్ని మళ్లీ లెక్క కడితేనే తెలియంది బయటపడేది. తొంబై ఏడు, మే ముప్పై, శుక్రవారం. హిందూపురంలో అందరూ వద్దన్న ఇంగ్లీషు పిక్చరు డబ్బా తెచ్చినా. గూఢచారి పిక్చరు. ఈ ఊర్లో దాని మాట ఒక్కటి అర్థమయ్యే మనిషి లేడు. అయినా యాభై రోజులాడింది. ఏంటికి ఆడింది?"

"మీ అదృష్టం."

"నా అదృష్టం కాదప్పా, నీ నోరు."

"కాఫీ పెట్టమందునా?"

"కాఫీ వద్దు. మ్యాటినీకి నువ్వు రావల్ల."

"గొంతు బాగలేదు సావుకారీ."

"ఇప్పుడు మాట్లాడతాండేది ఎవురి గొంతు?"

"అది కాదు. ఆదివారం కదా. చర్చి ఉండాది."

"చర్చి అయిపోయింది. గంట విని, నిన్ను చూద్దామని ఆడికే పోయింటి. నువ్వు రాలేదన్నారు. గ్రేసమ్మ కూడా రాలేదన్నారు. ఇంట్లో ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు."

"అయితే విను. ఆ పిక్చరు, అదే మొదటి భాగం, ఆడినప్పుడు యెనక బెంచీలో కూర్చుని నీ పెండ్లానికి గుసగుసగా చెప్తాంటివి. ఆమెకు అప్పటికే చూపు మసక. ఇదో కోటేసుకున్నోడు గోడ దూకినాడు, ఇదో లావుపాటోడు అరటిపండు తింటాండాడు అని. ముందు బెంచీలోళ్లు తెరను వదిలిపెట్టి నీ తట్టు తిరిగినారు. నేను చూసినా. గిరాకీ యే తట్టు తిరిగితే సరుకు ఆ తట్టు పెట్టల్ల. మర్నాటికే నీ చేతికి మైకు ఇచ్చినా."

"ఇచ్చినారు."

"వాని పేరేమో ఆ దొరలకే తెలుసు. కోటేసుకున్నాడని నువ్వు కోటప్ప అన్నావు, ఊరంతా కోటప్పే అనింది. లావుపాటోడు గుండన్న. ఆ ఆఫీసులో ముసలామె, వీనికి పని చెప్పి పంపించే ఆమె, ఆమెను అత్తను చేసినావు. యల్లక్కత్త. పది మందిని కాల్చేటోడు అత్త పిలిస్తే కోటు గుండీలు సర్దుకుంటాడు. అబ్బా, ఎంత నగినారప్పా జనం. నా చెవుల్లో ఇంకా ఉండాది. ముందు గ్రేసమ్మ నగేది. ఆమె నగినాంక షెడ్డంతా నగేది. ఇంట్లో అత్త ముందర తల ఎత్తలేనోళ్లంతా ఆడికొచ్చి నగినారు. చిలమత్తూరు గొర్రెల వ్యాపారి హనుమప్ప ఆరుసార్లు చూసినాడు, అత్తను ఒకసారి పిల్చుకొచ్చినాడు కూడా."

"అవన్నీ ఇప్పుడేంటికి సావుకారీ."

"యాభయ్యో రోజు, జులై పద్దెనిమిది, అదీ శుక్రవారమే. మూడాటలూ నువ్వే చెప్పినావు. నీకు శాలువా కప్పినా. ఆ చిలక్కొయ్యకు తగిలిచ్చినావే, అదే. మా మగ్గం మీద నేసింది. కప్పినానా లేదా?"

"కప్పినారు."

"మరి రెండో భాగం ఏమైంది? ఈసారి తెలుగులో మాట్లాడే పిక్చరు తెస్తి. మైకుతో పనేముందనుకుంటి. మొన్న శుక్రవారం మొదటాట మూడు వందల ఎనభై తలకాయలు. కోటప్ప వస్తాండాడని పల్లెల నుంచి ట్రాక్టర్లు కట్టుకోనొచ్చినారు. రెండో ఆట తొంబై. నిన్న మ్యాటినీ పంతొమ్మిది, అందులో ఇద్దరు నిద్రపోతాండారు."

"పిక్చరు బాగలేదేమో."

"బాగలేకపోవడం కాదు. దాంట్లో అన్నీ ఎక్కువే. అప్పుడు హెలికాప్టరు ఒకటుంటే ఇప్పుడు నాలుగు. అప్పుడు ఒక ఊరు, ఇప్పుడు ఆరు దేశాలు. మా దగ్గర కూడా ఈ తప్పు చేస్తారప్పా. ఒక అంచు బాగా పోయిందంటే, మళ్లీసారి అదే అంచుకు జరీ రెండింతలేసి నేస్తారు. చీర బరువైతాది, కట్టుకున్న ఆడది కుచ్చిళ్లు పట్టుకోలేక తిరగ్గొడతాది. ఆమె కొన్నది జరీని కాదు. ఆ అంచులో చిన్న చిలక ఉండింది, దాన్ని కొన్నాది. నేసినోడు చిలకను తీసేసి జరీ పెట్టినాడు."

"చిలక ఎవురు?"

"అత్త. గేటు కాడ నిలబడి అందర్నీ అడిగినా. పూలమ్మే కదిరమ్మ ఏమనిందో తెలుసా? అల్లుడు అత్తను తుపాకితో కాలుస్తాడా, ఇది చూపిచ్చేదానికా నా మనవరాలిని పిల్చుకొచ్చింది అని చెంగు దులుపుకోని పోయింది. ఈ పిక్చరులో ఆమె అత్తే కాదంట. పై ఆఫీసరంట. శత్రువులకు అమ్ముడుపోయిందంట. కడాకు కోటప్పే కాల్చేస్తాడు. జనం లేచి నిలబడినారు. హనుమప్ప నా కాలరు పట్టుకోని, మా యల్లక్కత్తను ఏం చేసినావు సావుకారీ అంటాడు. నేనేం చేస్తినప్పా."

"ఆ తెలుగు కూడా అట్లే ఉండాది."

"రహస్య పత్రములను నా హస్తమున ఉంచుము, అంటాడు గుండన్న. అరటిపండు తింటా. ఎవురు నగుతారు? ఈ పొద్దు ఆదివారం. ఈ పొద్దు నిండకపోతే షెడ్డు నా చేతిలో ఉండదు. స్థలం వాళ్లు శెనక్కాయల గోడౌన్ చేసుకుంటామని తాళం తెచ్చి పెట్టుకున్నారు. పిక్చరులో మాట తీసేస్తా. ఉత్త బొమ్మ తిరుగుతాది. నువ్వు మైకు పట్టుకోని మన అత్తను మళ్లీ బతికించు."

"నాతో కాదు సావుకారీ."

"ఏంటికి కాదు? గ్రేసమ్మను శుక్రవారం గేటు కాడ నేను ఆపినానని కోపమా? ఫ్రీ పాసులు ఉండవని నేనే చెప్పినా. తప్పే. ఈ పొద్దు ముందు కుర్చీ ఆమెది."

"కోపం కాదు. రోంత మెల్లగా మాట్లాడండి, లోపల వినపడతాది."

"వినపడితే ఏమి?"

"నాకు ఇంగ్లీషు రాదు సావుకారీ."

"ఏమంటివి?"

"ఒక్క ముక్క రాదు. ఏబీసీడీలు కూడా రావు. ఆ పిక్చరులో వాడు ముసలామెను మాటమాటకూ మ్యామ్, మ్యామ్ అంటాండె. నాకు మామి అని వినపడింది. అరవోళ్లు అత్తను మామి అంటారు కదా. అల్లుడు అత్త ముందర చేతులు కట్టుకోని నిలబడినాడనుకుంటి. దాని మీదనే కథంతా కట్టినా."

"ఓరి నీ పాసుగూల."

"నగద్దండి."

"నగక ఏం చేయమంటావప్పా. అంటే యాభై రోజులాడింది నీ కథా? దొరల కథ కాదా? నాకు ఇంగా మేలే కదా. ఇంగ్లీషు రానోడు చెప్తే యాభై రోజులు, వచ్చినోడు తెలుగు చేస్తే మూడు రోజులు. ఈ పొద్దు కూడా అట్లే చెప్పు."

"రెండో భాగం చెప్పడం అయిపోయింది సావుకారీ. మా ఇంట్లో నాలుగేండ్లుగా ఆడుతాండాది. ఆమే అడిగేది, తర్వాత ఏమైతాదయ్యా అని. కోటప్ప రామగిరి గనిలో దాంకున్నాడని చెప్పినా. అత్త గుడిబండ సంతకు పోయి గొర్రెపిల్లను కొనుక్కోని, దాని మెడలో వైర్‌లెస్ కట్టిందని చెప్పినా. బో నగేది."

"ఆ గొర్రెపిల్ల చాలప్పా. దానికే షెడ్డు నిండుతాది. లేయ్."

"లేయలేను. శుక్రవారం గేటు కాడ ఆపితే ఆమె ఇంటికి పోలేదు. బయట రేకుకు ఆనుకోని రెండున్నర గంటలు కూర్చున్నాది. మొత్తం విన్నాది. తెలుగే కదా, ఎవురూ చెప్పే పనిలేదు."

"విని?"

"ఇంటికొచ్చి, యల్లక్క అత్త కాదంట కదయ్యా అనింది. అంతే. ఆ పొద్దు నుంచి కంట్లో చుక్కలు వేసుకోవడం మానేసింది."

"ఏం చుక్కలు?"

"మొదటి భాగం ఆడేటప్పుడే, జూన్‌లో, హిందూపురంలో కండ్ల క్యాంపు పెట్టినారు. యాడనో దేశం నుంచి తెల్ల డాక్టర్లు వచ్చినారు. వరసలో ఉన్నోళ్లంతా నన్ను గుర్తుపట్టి, ఇదో మైకు పౌలు, ఇంగ్లీషు పౌలు అన్నారు. మాట మార్చి చెప్పే అమ్మాయి ఒకతె ఉండింది. మీకు ఇంగ్లీషు వచ్చునంట కదా అని పక్క వరసకు పోయింది. అంత మంది ముందర రాదని ఎట్ల చెప్పేది?"

"పౌలూ."

"ఆ డాక్టరు చానాసేపు చెప్పినాడు. వేలు చూపిచ్చి చెప్పినాడు. నేను తల ఊపితి."

"ఆమెకేం చెప్పినావు?"

"నరం అలిసిపోయింది, చుక్కలేసి విశ్రాంతిస్తే నిదానంగా చూపొస్తాది అన్నాడని చెప్పినా. పోయినేడు ఈడి డాక్టరు చూసి నరం ఎండిపోయింది, ముందే రావాల్సిందమ్మా, ఇంగ ఎవురూ ఏమీ చేయలేరు అన్నాడు. వాడు చిన్న డాక్టరు, దొర చెప్పిందే ఖాయమని ఆమెను నమ్మిచ్చినా."

"ఆ దొర నిజంగా ఏమన్నాడో నీకు తెలియదా?"

"తెలియదు."

"కాయితం గీయితం ఇయ్యలేదా?"

"ఇచ్చినాడు. ఎవురికి చూపిచ్చేది? చర్చి అయ్యగారే ఇంగ్లీషు ఉత్తరం వస్తే నా దగ్గరకు పంపిస్తాంటాడు."

"సావుకారీ, నీళ్లు తీసుకోండి."

"గ్రేసమ్మా. నువ్వెప్పుడొస్తివి?"

"గొర్రెపిల్ల మాట కాడ వచ్చినా."

"గ్రేసూ, లోపలికి పో. వ్యాపారం మాటలు."

"నేను పోను గానీ, పౌలూ, నువ్వు రోంతసేపు గమ్మునుండు. శుక్రవారం నుంచి ఒకటే అడగల్ల అనుకుంటాండా. అత్త మాట అబద్ధమైతే ఆ పొద్దు డాక్టరు ఏమన్నాడని. అడిగే పని లేకుండా నువ్వే చెప్పేస్తివి."

"నేను నీకు ధైర్యంగా ఉండల్లని..."

"గమ్మునుండమంటి కదా. సావుకారీ, ఇదో కాయితం. బైబిల్లో పెట్టుకున్న్యా. నెలకొకసారి తీసి తడుముతాంటి, ఇందులో నాకు చూపొస్తాదని రాసిపెట్టినారు కదా అని. మీకు పార్సిలాఫీసు ఇంగ్లీషు వచ్చు. చదవండి."

"అద్దాలు తేలేదమ్మా నేను."

"మీ జేబులో అద్దాల గూడు చప్పుడు నీళ్లు అందుకునేటప్పుడు విన్న్యా. రంగు పోదు పోదు అని చీర అమ్మేటప్పుడు కూడా మీ గొంతు ఇట్లే ఉంటాది."

"చేతిరాతమ్మా. డాక్టర్ల రాత. నాకు వచ్చేది మూటల మీద అచ్చక్షరాలు."

"వచ్చినకాడికి చదవండి."

"పైన నీ పేరు. దాని కింద ఏదో రోగం పేరు, అది నాకు రాదు. దాని కింద పెద్ద అక్షరాలు. ఓ. పీ. ఈ. ఆర్. ఏ..."

"ఏమని?"

"ఆపరేషన్."

"దాని కింద?"

"దీన్ని బెంగుళూరు తీసుకపోదాం గ్రేసమ్మా. నా బండిలోనే. ఎంత దుడ్లయినా నేను..."

"దాని కింద ఏముండాది సావుకారీ?"

"లాస్ట్ డేట్."

"అది నాకూ తెలుసు. కరెంటు బిల్లు మీద ఉంటాది. ఏ తారీఖు?"

"ఈ లెక్క వద్దమ్మా."

"మొదలు నుంచీ లెక్కే చెప్తాంటిరి కదా. ఇది కూడా చెప్పండి."

"పద్దెనిమిది. ఏడు. తొంబై ఏడు."

"జులై పద్దెనిమిది."

"గ్రేసూ, నాకు తెలియదు. దేవుని తోడు, నాకు తెలియదు."

"తెలియదులేయ్యా. ఆ పొద్దు మూడాటలూ చెప్పి నీ గొంతు బొంగురు పోయింది. సావుకారీ, మీ లెక్కలో రాసుకోండి, మాకు వచ్చింది ఆ శాలువా. కప్పేటప్పుడు మీరు, పౌలుకు కాదప్పా, ముందు గ్రేసమ్మకు చప్పట్లు కొట్టండి అంటిరి, గుర్తుందా. యెనక బెంచీలోనే ఉంటి. ఆ పొద్దు కూడా అందరికంటే ముందు నగింది నేనే."