పారిస్‌లో ఎవ్వరూ లేవలేదు

1946, శ్రావణం. వరంగల్ మట్టెవాడలో బట్టల వ్యాపారి వెంకట్రాజం ఇల్లు. ఎదురింట్లో అతని తమ్ముడు సారంగపాణి కూతురి పెళ్లి. వెంకట్రాజం భార్య కళావతి గడపలో నిలబడి ఉంది.

“బాజా మొదలైంది. ఇంకా అట్లనే తిరుగుతాండ్రేంది? జర ఒక్కకాడ కూసోండ్రి.”

“నేనేడ తిరుగుతాన? రేడియో ఎక్కడ పెడితే మంచిగ ఇనబడ్తదో చూస్తాన.”

“కొన్నకాడికెల్లి అది ఆ బల్ల మీదనే ఉన్నది.”

“అక్కడ గరగర అంటాంది. నిన్న పారిస్ల సంధి సభ ముచ్చట సగం పోయింది. ఇన్నవా నువ్వు, ఇటలీ పెద్దమంత్రిది?”

“నాకెందుకు ఇటలీ? కాళ్లు కడిగే యాళ్లయితాంది అక్కడ. తల్లిలేని పిల్ల సరసు, ఈ చేతుల్తోని పెంచిన. పెండ్లాం పోయినోడు పీటల మీద కూసోరాదు. పెదనాయన, పెద్దమ్మ ఎదురుంగ ఉండంగ ఎవరో మడికొండోళ్లు కూసుంటరట.”

“మడికొండోళ్లా? మల్లికార్జునా?”

“ఆఁ. ఆలుమగలు.”

“వాడా! వానికి సరసు ఏమైతది? దాని నోట్లె ఏనాడన్న ఒక బెల్లంముక్క పెట్టిండా? వాడు కన్యాదానం చేస్తడా!”

“మరి లేవుండ్రి. పోదాం.”

“ఎట్ల పోత? పిలువని పేరంటానికి ఎవరన్న పోతరా?”

“పిలువలేదా?”

“ఎవరు పిలిచిండ్రు? బొట్టు పెట్టిండ్రా, అక్షింతలిచ్చిండ్రా?”

“ఇంకోపారి అనుండ్రి. నా మొఖం చూసి అనుండ్రి, పిలువలేదని.”

“అంటాన. పిలువలే, పిలువలే, పిలువలే. చాలునా?”

“చాలు. మరి ఆ మధుపర్కాలు ఎవరికోసం తీసిపెట్టిండ్రు?”

“ఏ మధుపర్కాలు?”

“బీరువాల, మీ కండువా కింద.”

“అవా… అవి గిరాకియి. హన్మకొండ గిరాకి. తీస్కపోతడు.”

“ఎప్పుడు తీస్కపోతడు?”

“ఎప్పుడో తీస్కపోతడు! నన్ను సతాయించకు.”

“తమ్మునితోని అరుగు పంచాయితి గెలిచిండ్రు గద. బాటలకొచ్చిన జానెడు అరుగు. ఇంకేం కావాలె మీకు?”

“న్యాయంగ గెలిచిన. గెలిచినోడు పోయి బతిమాలుతడా? ఓడినోడు రావాలె. ఇటలీ ఆయన రాలేదా? లడాయిల ఓడిపోయిండు. అయినా వచ్చిండు. ఇరుగుపొరుగు దేశాలోళ్లంత కూసున్నరు, ఈ ఊరు మాది, ఆ ఊరు మాదని. వాళ్ల నడుమ ఒక్కడే నిలబడి, నా మాట జర ఇనుండ్రి అన్నడు.”

“అన్నంక?”

“అన్నంక ఏమున్నది? మాట్లాడి మెట్లు దిగొచ్చిండు. ఎవ్వరు లేవలే, ఎవ్వరు చప్పుడు చెయ్యలే. ఆఖరికి ఒక్కడట, ఒకే ఒక్కడు చెయ్యి కలిపిండట. గంత పెద్దమనిషి, ఆయనకెట్లుండాలె చెప్పు?”

“మీకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.”

“తిరగవా? దుష్మనైతేంది, కాళ్లకాడికొచ్చినోన్ని కూసో అనకపోతే అదేం మర్యాద? మనిషన్నోడు…”

“ఇగ ఆపుండ్రి! ఇనలేను. ఆ మాట అననీకె మీకు నోరెట్లొస్తాంది?”

“ఏందే? నేనేమన్న?”

“నిన్న పొద్దూకి ఆ ముచ్చట ఇనుకుంట మీరేం చేసిండ్రో యాదున్నదా?”

“ఏం చేసిన? చెవు రేడియోకానిచ్చి కూసున్న. అరుగు నిండ జనం. గప్పుడే ఎవడో గిరాకి వచ్చి తలుపులకు అడ్డం నిలబడ్డడు. ఆగు అని చెయ్యెత్తిన. కొంచెంసేపుండి పోయిండు. గంతే.”

“గిరాకా?”

“కాకపోతే?”

“మొఖం చూడలేదా మీరు?”

“అటు తిరిగి కూసున్నోన్ని, ఎట్ల చూస్త? నీడ పడ్డది, చెయ్యెత్తిన. ఏందే అట్ల చూస్తవ్?”

“దేవుడా. నేను తెలిసే చేసిండ్రనుకున్న. వంటింట్ల కూసోని ఏడ్సిన. పొద్దటిసంది చూస్తాన, చేసిన పని మీ నోటితోని ఎప్పుడు ఒప్పుకుంటరా అని.”

“ఏం పనే? కళావతీ, నీకు దండం పెడ్త. ఎవరొచ్చిండ్రు?”

“చేతుల పళ్లెం ఉన్నది. బొట్టున్నది, అక్షింతలున్నయి. మీరు చెయ్యెత్తినా మీ తమ్ముడు పోలే. అంతమంది నడుమ తల దించుకొని నిలబడ్డడు. ‘అన్నా’ అన్నడు. మీరు రేడియో గొంతు పెంచిండ్రు.”