కత్తి నూరకండి చినమావయ్యా

అయ్యో, ఆ కత్తి అవతల పెట్టండి చినమావయ్యా! రొట్టె ముందు పెట్టుకుని కత్తి నూరతారా ఎవరైనా? పెద్దవారు, మీకు నేను చెప్పాలా?

కూర్చోండి. గుర్రం ఎక్కడికి పోతుంది? ముందు టీ తాగండి. గిన్నెలో సగమే పోసిందేంటని చూడకండి. నిండా పోస్తే ఇక లేవండి అన్నట్టే కదా! మీ ఇంటి కోడలికి ఆ మాత్రం మర్యాద తెలీదా? తాగండి, మళ్ళీ పోస్తాను. రొట్టెకి మీగడ అద్దుకోండి.

మీ అబ్బాయా? మా ఆయన వచ్చేస్తారు. గుడారాలు అడగడానికి పక్కూరు వెళ్ళారు. వచ్చే వారమే కదా మావయ్యగారు పోయి ఏడాదైనందుకు విందు! తండ్రి పేరు మీద గుర్రప్పందెం, అందులో తండ్రి పెంచిన గుర్రం, మన కరాతోరే ఓడిపోతే మీ అన్నయ్యగారి పరువేం కావాలంటారు. పొద్దస్తమానం ఇదే పాట. నా చెవులు చిల్లులు పడ్డాయి.

"ముక్కుపుటాలు కాస్త చీలిస్తే గాలి ఆడుతుంది, బాబాయి చెయ్యి పడితే ఆ పిల్లికూత పోతుంది" అంటారు. మీ చెయ్యి మంచిదే, నేను కాదన్నానా? మీరు ముక్కు కోసిన గుర్రాలు గెలిచాయని అందరూ చెప్పుకుంటారు.

కానీ ఆ చప్పుడు ముక్కులోది కాదు మావయ్యా! పీల్చేటప్పుడు ఏమీ ఉండదు. వదిలేటప్పుడే, డొక్కలు ఎగరేసుకుంటూ, కీచుమని లోపల్నుంచి వస్తుంది. ఆ వెనకే దగ్గు. ముక్కు కోస్తే రొమ్ములో దుమ్ము పోతుందా?

ఆఁ, దుమ్మే! ఏంటలా చూస్తారు? వేసవంతా పైన సూసమిర్ కొండ పచ్చికలో తిరిగింది, ఒక్క కూతన్నా వినపడిందా? కొవ్వు కరిగించాలని మీ అబ్బాయే కిందికి దించారు. కొట్టంలో కట్టేసి, తలుపు బిగించి, చెమట పట్టాలని కంబళ్ళ మీద కంబళ్ళు కప్పారు. పైగా నిరుడు వానకి తడిసి బూజు పట్టిన ఎండుగడ్డి! అది విదిలిస్తే నాకే దగ్గొస్తోంది. బయట కడదామండీ, గడ్డి తడిపి వేద్దామండీ అంటే వింటేనా! "తడిగడ్డి తిని పరిగెడుతుందా, ఆడదానివి, నీకెందుకు?" అన్నారు. పాలు పితకడానికి ఆడది కావాలి, చావింట్లో గొంతెత్తి ఏడవడానికి ఆడది కావాలి. మిగతా రోజులు నోరు మూసుకోవాలి.

నవ్వకండి మావయ్యా, నేను నవ్వడానికి చెప్పట్లేదు.

ఇంకో గిన్నె? ఇదిగో.

ఆ కూత వింటే నాకు నిద్ర పట్టదు. ఎందుకో తెలుసా? పోయిన చలికాలం మావయ్యగారిదీ అచ్చం ఇదే ఊపిరి. ఈ గదిలోనే. కిటికీలు బిగించి, కంబళ్ళు కప్పి, చుట్టూ అందరూ కూర్చున్నారు. మీరూ ఇక్కడే, ఈ చోటే. "అమ్మాయ్, కాస్త తలుపు తియ్యి" అని నన్నే అడిగారాయన. నేను లేవబోతే, చలిగాలి కొడుతుంది కూర్చోమని మీరే కసిరారు. గుర్తుందా?

తప్పు పట్టట్లేదు. మీరు ఆయన మంచికే అన్నారు. అందరూ మంచికే అంటారు.

ఏంటి, అప్పుడే లేస్తున్నారు? ఏమన్నారు? కొట్టంలో చప్పుడు లేదేంటనా?

ఇందాక టీ కాచే సమోవార్‌కి నీళ్ళు తేవడానికి ఇంతసేపా అని ఆటపట్టించారే మీరు... నీళ్ళకే వెళ్ళాననుకున్నారా? కొట్టం తలుపు తీసి తాడు విప్పేశాను. గుర్రాల మంద పైకి పోతోంది, అందులో కలిపేశాను. ఈపాటికి కనుమ దాటేసి ఉంటుంది. వెంటపడినా దొరకదు, మీరు ఆయాసపడకండి.

మీ అబ్బాయి వచ్చి అరుస్తారు. అరవనీండి. పందెంలో ఇంకెవరి గుర్రమో గెలుస్తుంది. గెలవనీండి. నాకు భయంగా లేదనుకుంటున్నారా? ఉంది.

ఆయన అడిగితే తలుపు తియ్యలేకపోయాను మావయ్యా. గుర్రం అడగలేదు. అయినా తీశాను.

ఇదిగో, మీ గిన్నె. ఈసారి నిండా పోశాను.