సూరాయమ్మ పిలుపు

అయ్యల్లారా, అమ్మల్లారా, ఈ అరబ్బు దేశంలో, మిర్కాబ్‌లో, మన సంఘం వారి ఈ మేడ మీద హాలు ఇంతలా నిండటం నేనెప్పుడూ చూళ్ళేదండి. శుక్రవారం సెలవు వదులుకుని వచ్చారు. మన సూరాయమ్మ పోయింది. ఈ రాత్రి బొంబాయి విమానంలో ఆవిడ శవపెట్టె బయల్దేరుతుంది. నేను చంద్రావతిని, కింద దర్జీ కొట్లో బట్టలు కుట్టేదాన్ని. ఆవిడతో కలిసి శవాలు కడిగినదాన్ని. నా మాట మోటుగా ఉంటే మీరే సర్దుకోవాలి.

సూరాయమ్మ ఆస్పత్రిలో నేల తుడిచే మనిషి. ఇరాను, ఇరాకుల యుద్ధం సముద్రం మీదికొచ్చాక ఓడల మీద బాంబులు పడి, వాటిల్లో పనిచేసే మన పిల్లలు ఆ ఆస్పత్రికి శవాలై రావడం మొదలైంది. మగవాళ్ళు కాగితాలకి తిరిగారు, వీసాలిచ్చిన యజమానుల, ఆ కఫీళ్ళ గుమ్మాల్లో నిలబడ్డారు, కాదనను. శవాల గది గుమ్మం ఎవరు దాటారండీ? మీలో ఎవరు దాటారు? సూరాయమ్మ దాటింది. వెనకాల ఇళ్ళల్లో పనిచేసే మన చిట్టెమ్మ, నేనూ. కాలిన ఒళ్ళు కడిగి, బట్ట చుట్టి, పెట్టెలో పెట్టేవాళ్ళం.

మన వైపు దింపుడు కళ్ళం ఉంది కదా. పాడె దారిలో దించి, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. అయినవాళ్ళు, అదీ మగవాళ్ళు. విమానంలో పోయే పెట్టెని దించేదెవరు, పిలిచేదెవరు? అందుకని ఆవిడే పిలిచేది. మూడో పిలుపయ్యాక తన చెవి అక్కడే ఆనించి ఉంచేది. కాసేపటికి "ఊ" అని తలూపేది, ఎవరో చెప్పింది విన్నట్టు. ఏం వినపడింది పిన్నీ అంటే, "వాడి మాట వాడిది, నీకెందుకే" అనేది.

మన సంఘం అధ్యక్షులు కుక్కుటేశ్వరరావు గారి మేనల్లుడు దొరబాబు పోయినప్పుడు, శవాన్ని ఆస్పత్రివాళ్ళే చుట్టేసి ఇచ్చారు. సూరాయమ్మ వంగి పిలిచింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచి లేచింది. "వీడు దొరబాబు కాదు, పలకట్లేదు" అంది. రావు గారు కేకలేశారు, విమానం వెళ్ళిపోతుందని. ఆవిడ పెట్టెకి అడ్డంగా కూర్చుని బట్ట విప్పించింది. మొహం కాలిపోయి ఉంది. దొరబాబుకి కొబ్బరి పీచు మిల్లులో ఎడంచేతి వేలు తెగింది కదండీ. ఈ శవానికి వేళ్ళన్నీ ఉన్నాయి. మనవాడు పక్క అరలో ఎవరిదో పేరుతో పడున్నాడు. వాడి చెవిలో పిలిచి, తలూపింది.

"ఇంటికో మగాడి ఓటు చాలు" అన్న ఆ రావు గారే, పోయిన నెల జనరల్ బాడీలో ఆడవాళ్ళకి ఓటివ్వాలని తీర్మానం పెట్టారు. "వీళ్ళు లేకపోతే మా అక్క పరాయి శవానికి కొరివి పెట్టించేది" అన్నారు. వెనక కుర్చీల్లో గొణుగుడు. పనిమనుషులక్కూడా ఓటేమిటని. వాయిదా వేశారు. ఆ రోజు ఆవిడ నాతో అంది, "ఇంతమంది పేర్లు పిలిచానే చంద్రా. మన సంఘంలో నా పేరు కూడా ఒక్కసారి పిలిస్తే, ఆయ్ అని పలకాలనుందే." పలక్కుండానే పోయింది. నాకు కోపంగా ఉందండి. ఏడుపు కంటే కోపమే ఎక్కువ ఉంది.

నిన్న ఆవిడ చెవిలో నేనే పిలిచాను. మూడో పిలుపయ్యాక నేనూ తలూపానట. చిట్టెమ్మ చూసి చెప్పింది. ఏం విన్నానని మాత్రం అడక్కండి.

ఆ కిటికీ అద్దాలు చూడండి, ఎలా వణుకుతున్నాయో. ఇరాకు రేవు ఫావ్ వైపు పేలుతున్న ఫిరంగులు. ఇంకా శవాలొస్తాయి. మీరు ఓటిచ్చినా, ఇవ్వకపోయినా మేం కడుగుతాం.

మన సంఘంలో తీర్మానానికి సరే అనేవాళ్ళు లేచి నిలబడటం అలవాటు. ఇన్నాళ్ళూ లేచింది మగవాళ్ళే. రావు గారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఇప్పుడందరూ లేవండి. అమ్మా, మీరూ లేవండి. సూరాయమ్మ కోసం కాసేపు నోరు మెదపకుండా నిలబడదాం. నేను చాలు అన్నాక, మాకు ఓటు వద్దనేవాళ్ళు కూర్చోండి. మిగతావాళ్ళు అలాగే నిలబడి ఉండండి.