బాబ్జీ ఎక్కిన లిఫ్టు

కర్ణాటకలో బాళగనూరు చుట్టుపక్కల వరి కోతలు ఆ వారంతో అయిపోయాయి. బాబ్జీ కోతలు మాత్రం అయ్యే సూచన కనపడలేదు. నింగవ్వ టీ కొట్టు ముందు బల్ల మీద కాళ్లు బారజాపి, చేతిలో టీ పూర్తికాకముందే ఇంకోటి చెప్పి, గొంతు సవరించుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే దేవిక వచ్చింది.

ఆమె వచ్చింది టీ కోసం కాదు. బాబ్జీ ఒక బెంగళూరు బియ్యం కంపెనీకి ఇక్కడ వడ్లు కొనిపెట్టే మనిషి. తణుకు వైపు నుంచి వచ్చి ఈ పంటకే కొత్తగా చేరాడు. "నీ వడ్లు నావి వదినా, ఇంకెవరికీ మాటివ్వకు" అని కోతకు ముందే చెప్పిపెట్టుకున్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె మిగతా మిల్లులవాళ్లను వెనక్కి పంపింది. ఇప్పుడు కౌలు చేలో పండిందంతా కాలవగట్టు పక్కన కళ్లంలో రాశిగా పడి ఉంది. వారం రోజులుగా కంపెనీ లారీ అటు తొంగి చూడలేదు. తుఫాను అంటున్నారు, పొద్దుటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. వడ్లు తడిస్తే మొలకెత్తుతాయి, మొలకెత్తిన వడ్లను ఎవరూ ముట్టుకోరు. మొగుడు చూస్తే కోత మిషను వెంట గంగావతి వెళ్లి కూర్చున్నాడు.

లారీ ఎప్పుడొస్తుందో కనుక్కురమ్మని మామగారైన బాపయ్యను ఎప్పుడో పంపింది. ఆయన తిరిగి రాలేదు. ఇక్కడ బాబ్జీ ఎదురుగా గొంతుక్కూర్చుని, నోరు కాస్త తెరుచుకుని వింటున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాడు సొంత మామగారైతే ఆ చిరాకు ఎవరితో చెప్పుకోవాలో దేవికకు తెలియలేదు.

"బాబ్జీ, లారీ ఎప్పుడొస్తుంది?"

"కూర్చో వదినా. ఇది లారీ విషయం కాదు. స్ట్రాటజీ విషయం."

"నాకు లారీ విషయం చాలు."

"అదే, కింద నుంచి చూస్తే లారీ, పై నుంచి చూస్తే స్ట్రాటజీ. మొదటి నుంచీ చెబితే గానీ అర్థం కాదు. నేనేమీ గొప్పకి చెప్పట్లేదు బాబాయ్, చిన్న విషయమే. మన కొనుగోలు డిపో దగ్గర వడ్ల తేమ చూసే మిషను ఎండలో పెట్టేవారు కదా, ఆ బల్లని నేను రేకుల షెడ్డు నీడలోకి జరిపించాను, అంతే, నా పని నేను చేసుకుపోయాను."

"అదేంది సార్, బల్ల జరిపింది నేను గదా" అన్నాడు సుంకప్ప. లారీలకు బస్తాలెత్తే హమాలీల మేస్త్రి అతను. వారం నుంచి పని లేక అతనూ ఈ బల్ల మీదే వేళ్లాడుతున్నాడు.

"జరిపింది నువ్వే సుంకప్పా, కాదన్లేదు. జరపాలన్న స్ట్రాటజీ నాది. కంపెనీల్లో తేడా అంతా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మేనేజరు చూశాడు. చూసి, ఈ బుర్ర ఇక్కడుండాల్సింది కాదని కళ్లనీళ్లు పెట్టుకుని, అప్పటికప్పుడు కారెక్కించి బెంగళూరు పంపాడు. అక్కడ మా హెడ్డాఫీసు చూడాలి బాబాయ్, కింద నిలబడి పైకి చూస్తే తలపాగా ఉన్నవాడికి తలపాగా పడిపోతుంది, లేనివాడికి మెడ పట్టేస్తుంది. లోపల ఒక లిఫ్టు. దానికి మీటలుండవు."

"మీటలు లేకపోతే ఎలా నడుస్తుందిరా?" అన్నాడు బాపయ్య.

"అలా అడుగు. ఏ అంతస్తుకి తగ్గ స్ట్రాటజీ ఆ అంతస్తులో చెప్పాలి. చెబితే పైకి లేస్తుంది, చెప్పలేనివాడిని అక్కడే దింపేస్తుంది. ఒక్కో అంతస్తులో తలలు నెరిసిన వాళ్లు లిఫ్టు కోసం కూర్చునే ఉన్నారు, పాపం, వాళ్లలో కొందరికి అక్కడే మనవలు కూడా పుట్టేశారు."

"బాబ్జీ, మబ్బు చూశావా?" అంది దేవిక.

"చూశాను వదినా, అక్కడికే వస్తున్నాను. కింది అంతస్తులో పని చేసేవాళ్లుంటారు. వాళ్ల ప్రశ్న ఒక్కటే, పని ఎలా చెయ్యాలి. సంచి ఎలా కుట్టాలి, లారీ ఎటు తిరిగి నిలబడాలి. నన్నడిగారు. లారీలన్నీ వెనక్కి నడపండి అన్నాను. డిపోకి చేరేసరికి మొహం ఇంటివైపే ఉంటుంది, తిప్పుకునే శ్రమ తప్పుతుంది. చప్పట్లు. లిఫ్టు లేచింది. రెండో అంతస్తులో శాఖలు. కొనేవాళ్లది ఒక గది, అమ్మేవాళ్లది ఒక గది, లెక్కలవాళ్లది ఒకటి, ఒకళ్లతో ఒకళ్లకి మాటల్లేవు, పెళ్లిళ్లకి కూడా పిలుచుకోరు. కొనేవాళ్లు లావు వడ్లు కొంటుంటే అమ్మేవాళ్లు సన్నబియ్యానికి ఆర్డర్లు తెస్తున్నారు. నేనేం చేశానో తెలుసా? అందరికీ కలిపి ఒకటే టీ ఫ్లాస్కు పెట్టించాను. టీ కోసమైనా మాట్లాడుకోవాలి కదా. ఏడ్చేశారు బాబాయ్. కావలించుకుని ఏడ్చేశారు."

ఈ ఫ్లాస్కు సంగతి బాగానే ఉందని దేవికకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. దూరంగా కాలవ అవతల ఉరిమింది.

"బాబ్జీ, కళ్లంలో కప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్క టార్పాలిన్ పట్టా. రాశికి సగం కూడా రాదు. లారీ ఇవాళ వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పు. నా దారిన నేను పోతాను."

"ఉండమ్మా," అన్నాడు బాపయ్య, చూపు తిప్పకుండానే. "లిఫ్టు పైకెళ్తోంది."

దేవికకు ఒళ్లు మండింది. అవి ఈయన వడ్లు కూడా.

"మూడో అంతస్తు బాబాయ్. అక్కడి ప్రశ్న వేరు, ఎలా గెలవాలి. మన బియ్యానికి పోటీగా అవతలి కంపెనీ బియ్యం ఉంది, ధర తక్కువ, సంచి మీద బొమ్మ బాగుంటుంది. వాళ్లనెలా కొట్టాలి అన్నారు. మన బియ్యం ఉడికిన వాసన తీసుకెళ్లి వాళ్ల గోడౌన్లలో వదలండి అన్నాను. కొన్నవాడికి వాసన మనది, అన్నం వాళ్లది, ముద్ద నోట్లో పెట్టగానే మోసపోయాననుకుని పరిగెత్తుకుంటూ మన కొట్టుకొస్తాడు. సాయంత్రానికి దుబాయి నుంచి ఒక షేకు ఫోను. ఆ వాసన వదిలినాయన ఎవరండీ, మా ఒంటెలు గడ్డి మానేశాయి, బియ్యమే కావాలంటున్నాయి అని."

"ఒంటెలు తెలుగుల అడిగినయా సార్?" అన్నాడు సుంకప్ప.

"షేకు అరబ్బీలో అడిగాడు, నేను అరబ్బీలోనే చెప్పాను. భాష నాకు అడ్డం కాదు సుంకప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖరి అంతస్తు. అక్కడ మబ్బులు కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతుంటాయి. బల్ల ఎంత పొడుగంటే, ఈ చివర పోసిన టీ ఆ చివరికి చేరేసరికి చల్లారిపోతుంది, అందుకని మధ్యలో పొయ్యిలు పెట్టారు. ఆ చివర ఛైర్మన్ గారు. అక్కడ ఎలా చెయ్యాలి, ఎలా గెలవాలి అని అడగరు. అవన్నీ కింది అంతస్తుల చాకిరీ. అక్కడ ప్రశ్న ఒక్కటే, అసలు ఏం చెయ్యాలి, ఏం మానాలి. బియ్యంలో ఉండాలా, బంగారంలోకి దూకాలా, ఏ దేశాన్ని ఉంచుకోవాలి, ఏ దేశాన్ని వదిలెయ్యాలి. గోడంతా ప్రపంచపటం. నేను సముద్రం మీద వేలు పెట్టి ఇటు జరిపాను బాబాయ్, నిజం ఓడలు నిజం సముద్రంలో ఇటు తిరిగాయి."

బాపయ్య తన వేలు ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

దేవికకు మాత్రం తన చేను గుర్తొచ్చింది. ఏ రకం వెయ్యాలి, ఎవరికి అమ్మాలి, కాలవ నీళ్లు తగ్గితే ఏం చెయ్యాలి, పట్టా ఏ మూల నుంచి కప్పాలి, అన్నీ ఒక్క తలకాయలోనే తేల్చుకుంది ఈ పంటంతా. తన కోసం ఎవరూ లిఫ్టు కట్టలేదు. అన్నీ సరిగ్గానే చేసింది కూడా. ఈ మనిషి మాట నమ్మడం ఒక్కటే తప్పు చేసింది, ఆ ఒక్కటీ మిగతావన్నీ ముంచేలా ఉంది. ఏడుపొచ్చేంత కోపంగా ఉంది.

"అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది వదినా, నువ్వడిగిందే. ఈ ఏడు వడ్ల కొనుగోలు సంగతేమిటి? గదంతా నిశ్శబ్దం. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఏమీ మాట్లాడలేదు, ఛైర్మన్ గారి కళ్లలోకి చూశాను, అంతే. నా చూపులోని స్ట్రాటజీ ఆయనకి అందింది. లేచి నిలబడి, బల్ల మీద చెయ్యేసి కొట్టి, 'ఖరీది ఆగలి' అన్నాడు. అంతే బాబాయ్. కొనుగోలు ఆగిపోయింది. మన డిపో ఆగింది, మిల్లులు ఆగాయి, ఓడలు నడిసముద్రంలో ఆగాయి, మన కాలవ నీళ్లు కూడా తూము దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుని అప్పుడు కదిలాయి."

సుంకప్ప టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమన్నాడు?" అంది దేవిక. "ఆయన నోట వచ్చిన మాట వచ్చినట్టు చెప్పు."

"ఖరీది ఆగలి."

"తెలుగులో అన్నాడా, కన్నడంలో అన్నాడా?"

"కన్నడంలోనే. కన్నడం ఎంతసేపు వదినా, తెలుగుకి తోక కత్తిరిస్తే కన్నడం. మేనేజరు నాతో రోజూ కన్నడంలోనే మాట్లాడతాడు. మంచి మనిషి, పొద్దున్నే ఫోన్ చేసి 'భత్త బర్తా ఇదెయా' అంటాడు. నా బత్తా, అదే రోజు ఖర్చుల డబ్బులు, నాకు సరిగ్గా అందుతోందా అని కనుక్కుంటాడన్నమాట. హౌదు సార్, హౌదు సార్ అంటాను. అవును సార్ అని."

దేవిక సింధనూరులో కన్నడ బడిలో చదువుకున్న మనిషి. ముందు ఆ మాటలు తనే ఒకసారి లోపల చెప్పి చూసుకుంది.

"బాబ్జీ, భత్త అంటే నీ బత్తా కాదు. వడ్లు. వడ్లు వస్తున్నాయా అని రోజూ అడుగుతున్నాడు ఆయన. వస్తున్నాయని రోజూ నువ్వు చెబుతున్నావు. ఆగలి అంటే ఆగాలని కాదు. కానివ్వండి అని. కొనుగోలు కానివ్వండి అన్నాడు మీ ఛైర్మను. పై అంతస్తు నుంచి కిందిదాకా అందరూ కొనమనే అన్నారు. ఆపింది నువ్వొక్కడివే."

బాబ్జీ సుంకప్ప వైపు చూశాడు. సుంకప్ప తలూపాడు.

"గంతే సార్. ఆగలి అంటే కానీ అని. గా ఒక్క మాటకు వారం సంది మావోళ్లు షెడ్డుల పండుకుంటున్నరు."

"అయితే మరి," అన్నాడు బాపయ్య నెమ్మదిగా, "ఓడలు?"

ఆయన కోడలి మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"అంటే వదినా, పై లెవెల్లో వాళ్ల ఉద్దేశం అదే అయినా, కింది లెవెల్లో నేను కొంచెం ముందుచూపుతో..."

"కింది లెవెల్ నువ్వు కాదు. నీ కింద ఇంకోటుంది. నా వడ్లు. అవి నేల మీదున్నాయి, వాన మీదికొస్తోంది. ఫోను తీ."

సుంకప్ప అప్పటికే తన మనుషుల కోసం షెడ్డు వైపు పరుగందుకున్నాడు. బాపయ్య పట్టా కోసం ఇంటికి మళ్లాడు. బాబ్జీ ఫోను తీసి లారీ డ్రైవరు పేరు వెతికాడు. ఆ డ్రైవరు మస్కి ఊరి మనిషి, తెలుగు ముక్క రాదు. మోగుతున్న ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, పొద్దుటి నుంచి మొదటిసారి చిన్న గొంతుతో అడిగాడు.

"తొందరగా రమ్మనాలంటే కన్నడంలో ఏమనాలి వదినా?"

"'బేగ బా' అను. రెండే మాటలు. వాటికి తెలుగులో అర్థం వెతక్కు."