కైలాసకోనకు తీసకపోయిన చీర

“అవ్వా, మేము టెంటేసుకోని కొండలో రెండు దినాలు ఉండొద్దామనుకుంటా ఉండాం. నువ్వూ ఒకసారి పోయినావంట గదా, చెప్పవ్వా.”

పోయినాలేమ్మే. ఎందుకు పోతా ఉండామో మటుకు ఆడికి పోయేదాకా నాకు తెలీదు. అప్పుడు మన వడమాలపేట ఇంట్లో ఫోను కొత్త. నీకు మూడేండ్లు... కాదు కాదు, నువ్వింకా పుట్టలేదు, మీ అన్న పుట్టినాడు. మద్రాసు నుంచి మురళి ఫోన్ చేసినాడు, మా చెల్లెలి కొడుకు. “పెద్దమ్మా, ఇంటికి తాళమేసి నువ్వూ పెద్దనాయనా కైలాసకోనకి వచ్చేయండి. మేమూ ఇల్లు మూసేసి వస్తాం. మూడు దినాలు బయటే వంట, టెంటులోనే పడక” అన్నాడు. ఎందుకురా అంటే, “ఊరికే” అన్నాడు.

ఇల్లు పెట్టుకోని ఊరికే ఎవురన్నా బయట పడుకుంటారా, నువ్వే చెప్పు?

అంతకు రెండు నెల్ల ముందే చెల్లెలు గుండె నొప్పని ఆస్పత్రిలో ఉండి వచ్చింది. దాన్ని ఒక మాట పలకమనురా అన్నాను. “నిద్రపోతా ఉండాది పెద్దమ్మా” అన్నాడు. ఎనక ఎవురో అరవంలో గబగబా ఏమో అంటా ఉండారు. వాళ్ళింట్లో సగం తెలుగు, సగం అరవం గదా. నాకేమీ అర్థం కాలేదు.

మన పక్క చెడ్డ నచ్చత్రంలో ఎవురన్నా పోతే ఏం చేస్తారు? ఇంటికి తాళమేసి, వాకిట్లో ముండ్లకంప పెట్టి, అందురూ బయటికి పోయి ఉంటారు. మా అత్త పోయినప్పుడు మేం మూడు నెల్లు బాయికాడ కొట్టంలో ఉంటిమి. వంటా ఆడే, పడకా ఆడే. మురళి చెప్పిందీ అదే గదా! చెల్లెలు పోయింది, నాకు చెప్పేదానికి భయపడతా ఉండారు అనుకున్నా.

ఆడబిడ్డ పోతే పుట్టింటోళ్ళు చీర కప్పాల. మాకు అన్నదమ్ములు లేరు, ఆ పని నాదే. పుత్తూరులో ఎర్రంచు చీర తీసినా. మూడునూర్లో, మూడున్నరో, అప్పటికి అది పెద్ద చీరే. సంచిలో మురుకుల డబ్బా కింద దాచిపెట్టినా. మీ తాతేమో టార్చిలైటు దొరక్క ఇల్లంతా తిరగతా ఉండాడు. నేను ఏడస్తా ఉంటే, “అడవంటే అంత భయమైతే మానేద్దాంలే” అంటాడు! ఆయనకేం చెప్పేది?

బస్సు దిగి సూస్తే నీలం టెంటు. దాని ముందర మా చెల్లెలు పీటేసుకోని వంకాయలు తరగతా ఉండాది. “ఏమక్కా ఇంత ఆలీసం?” అనింది.

ఆడే కూలబడి ఏడిస్తి. దానికేమీ తెలీలేదు. మురళి పక్కకొచ్చి, “అమ్మే అడిగింది పెద్దమ్మా. అక్కతో మూడు దినాలు ఉండాల, ఎవురింట్లోనూ వద్దు, ఇంట్లో ఉంటే ఇద్దురూ పనుల్లో పడిపోతాం అనింది” అన్నాడు. ఆ మాట ఫోన్లో చెప్పొచ్చు గదా వాడు!

సంచి తీస్తే చీర బయట పడింది. “ఎవురికక్కా?” అనింది. నీకే అన్నా. అంతే వచ్చింది నోట్లో నుంచి. ఆ పొద్దే కోనలో నీళ్ళు పోసుకోని కట్టుకునింది.

ఈ పొద్దుకీ పండగొస్తే ఫోన్ చేస్తాది, “అక్కా, నువ్వు తెచ్చిన చీరే కట్టుకున్నా” అని. అది ఎందుకు కొన్నానో దానికి తెలీదు. నువ్వూ చెప్పొద్దు.

పోయిరాండమ్మే, సల్లగా ఉండండి. అయితే ఎవురినన్నా పిలిచేటప్పుడు, ముందు అందురూ బాగుండారని చెప్పి, ఆనక టెంటు మాట ఎత్తండి...